పురుగు తింటూనే ఉంది, గూడు మాత్రం కట్టలేదు. ఎందుకు?



పోయిన పంటలో మా షెడ్డులో జరిగింది ముందు చెప్తాను. దాని వెనక ఉన్న సంగతికి తర్వాత పోదాం. సంగతి కొంచెం లోతైనదే, పురుగు ఒంట్లోని జీన్లు, ప్రోటీన్ల గురించి. అయినా అది తెలిసినవాళ్లకు ఒక పంట మిగిలే అవకాశం ఉంది. అందుకే రాస్తున్నాను, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

150 గుడ్లు బైవోల్టిన్. చాకీ సెంటర్ నుంచి రెండో జ్వరం లేచిన పురుగులు తెచ్చుకున్నాము. మూడో జ్వరం, నాలుగో జ్వరం ఒకే తీరుగా లేచినాయి. ఐదో దశలో ఆకు బాగా తిన్నాయి. ఏడో రోజు సాయంత్రం అక్కడక్కడా పండు పురుగులు కనిపించినాయి. చంద్రికలు ఎండకు పెట్టి సిద్ధం చేసుకుంటిమి. ఎనిమిదో రోజు సుమారు సగం పండినాయి, ఏరి చంద్రికలకు వేసినాము.

మిగతా సగం తింటూనే ఉన్నాయి. తొమ్మిదో రోజూ తింటూనే ఉన్నాయి. పదో రోజూ అంతే. వేలు లావున పెరిగి, ఒళ్లు నిగనిగలాడుతూ ఉన్నాయి. పాలు కారడం లేదు, వాంతి లేదు, రెట్ట పలచబడలేదు. "ఇంత ఆరోగ్యంగా ఉండే పురుగుకు ఏమి రోగమబ్బా!" అని మా ఇంటామె తల పట్టుకునింది. పదకొండో రోజుకు తోటలో ఆకు అయిపోయింది, పక్క ఊరి నుంచి కొని తెస్తిమి. ఆ తర్వాత కొన్ని పురుగులు సాలెగూడు మాదిరి పలచగా నాలుగు దారాలు అల్లి వదిలేసినాయి. కొన్ని అట్లే నల్లబడి చచ్చినాయి.

అప్పుడు ఒకటి గమనించినాము. గూడు కట్టని పురుగులన్నీ ఒకే వరస అట్టల మీద ఉన్నాయి. ఆ వరసకు వేసిన కొమ్మలు తోటకు తూర్పు అంచు నుంచి కోసినవి. ఆ అంచు అవతల మా మామ వంకాయ తోట ఉంది.

"మామా, పోయిన వారం వంకాయకు ఏమి కొట్టినావు?"

"తెల్లదోమ జాస్తిగా ఉండె అప్పా. అంగడిలో ఏదో కొత్త మందు ఇచ్చిరి. ఏం, పురుగులు చచ్చినాయా?"

"చావలేదు మామా. అదే వింత. పండటం లేదు."

పాపం, ఆయన ఖాళీ సీసా వెతికి తెచ్చి చేతిలో పెట్టినాడు. సీసా మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంది. అందులో రెండు మందులు కలిపి ఉన్నాయి. ఒకదాని పేరు పైరిప్రాక్సిఫెన్. ఆకును ల్యాబులో పరీక్ష చేయించలేదు కాబట్టి, కారణం ఇదేనని ఒట్టేసి చెప్పలేను. కానీ పురుగుల తీరు చూసి, ఆ మందు ఎట్లా పనిచేస్తుందో చదివినాక రెండూ సరిగ్గా సరిపోయినాయి.

పురుగుకు రెండు హార్మోన్లు

పట్టుపురుగు ఎప్పుడు తినాలి, ఎప్పుడు జ్వరానికి కూర్చోవాలి, ఎప్పుడు గూడు కట్టాలి అనేది నడిపించేవి ముఖ్యంగా రెండు హార్మోన్లు.

ఒకటి ఎక్‌డైసన్. దీన్ని తయారుచేసే గ్రంథి పురుగు ఛాతీ భాగంలో ఉందని 1940 ప్రాంతంలో జపాన్ శాస్త్రవేత్త ఫుకుదా పట్టుపురుగుల మీదే చేసిన ప్రయోగాలతో తేల్చినాడు. 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ అనే ఇద్దరు 500 కిలోల పట్టు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్‌డైసన్‌ను విడదీసినారు. అరటన్ను ప్యూపాలకు దక్కింది చిటికెడు కూడా కాదు. పురుగు ఒంట్లో హార్మోన్ ఎంత తక్కువ మోతాదులో పనిచేస్తుందో దీంతోనే అర్థమవుతుంది.

రెండోది జువెనైల్ హార్మోన్. దీన్ని "బాల్య హార్మోన్" అనుకోండి. తల వెనక ఉండే చిన్న గ్రంథుల జత నుంచి వస్తుంది. 1938లో ఫ్రాన్స్‌లో బూన్యోల్ అనే ఆయన చిన్న పట్టుపురుగుల నుంచి ఆ గ్రంథులను కోసి తీసేసినాడు. ఆ పురుగులు ఇంకా పెరగాల్సిన వయసులోనే చిట్టి గూళ్లు కట్టి చిట్టి ప్యూపాలైనాయి. దాన్నిబట్టి తెలిసేది ఏమంటే, పురుగుకు ప్యూపా అయ్యే తయారీ ముందునుంచే ఉంది. దాన్ని ఆపి పెట్టేది ఈ బాల్య హార్మోన్.

మాటగా చెప్పాలంటే, ఎక్‌డైసన్ "మారు" అంటుంది. బాల్య హార్మోన్ "ఇప్పుడే కాదు, ఇంకా పురుగుగానే ఉండు" అంటుంది. రెండూ ఉంటే పురుగు జ్వరానికి కూర్చుని లేస్తుంది, పెద్ద పురుగు అవుతుంది, అంతే. మొదటి నాలుగు జ్వరాలు ఇట్లాంటివే. ఐదో దశ మధ్యకు వచ్చేసరికి బాల్య హార్మోన్ ఒంట్లో దాదాపు లేకుండా పోతుంది. ఆ తర్వాత వచ్చే ఎక్‌డైసన్‌తో పురుగు తిండి మానేస్తుంది, కడుపు ఖాళీ చేసుకుంటుంది, తల ఎత్తి చోటు వెతుక్కుంటుంది, గూడు కడుతుంది.

ఇంతవరకు మనలో చాలామందికి శిక్షణలో చెప్పి ఉంటారు. కానీ "ఇప్పుడే కాదు" అనే ఆ మాట కణం లోపల ఎట్లా అమలవుతుంది? హార్మోన్ ఒక చిన్న అణువు, దానికి చేతులు లేవు, కాళ్లు లేవు. ఆపే పని చేసేది ఒక ప్రోటీన్. మన కథకు అసలు మనిషి అదే.

జీన్ ఉంటే చాలదు, కాపీ తీయాలి

పురుగు ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. పేగు కణంలోనూ పట్టుదారం జీన్ ఉంది, కానీ పేగు పట్టు తీయదు. ఎందుకంటే జీన్ ఉన్నంత మాత్రాన పని జరగదు. తాలూకాఫీసులో పహణీ ఉన్నంత మాత్రాన మన చేతికి కాపీ రాదు కదా, అట్లే. జీన్ నుంచి కాపీ తీయాలి. ఆ కాపీ చూసి కణం ప్రోటీన్ తయారుచేస్తుంది. ఈ కాపీ తీసే పనినే శాస్త్రంలో ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు.

కాపీ తీసే యంత్రం కూడా ఒక ప్రోటీనే. ఏ జీన్ దగ్గర అది కూర్చోవాలో వేరే ప్రోటీన్లు చెప్తాయి. కొన్ని "రా, ఇక్కడ కాపీ తీయి" అని పిలుస్తాయి. కొన్ని "ఇక్కడ వద్దు" అని అడ్డం పడతాయి. ఈ అడ్డం పడే ప్రోటీన్లు పనిచేసే తీరు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటి రకం నేరుగా జీన్ పక్కన డీఎన్ఏ మీద కూర్చుని కాపీ కానీదు. రెండో రకం డీఎన్ఏను ముట్టుకోదు, పిలిచే ప్రోటీన్‌నే పట్టుకుని ఆపుతుంది. పండ్ల ఈగలో డోర్సల్ అనే ప్రోటీన్ ఉంది. అది కేంద్రకంలోకి పోతే కొన్ని జీన్లు పనిచేస్తాయి. క్యాక్టస్ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని కేంద్రకం బయటే పట్టుకుని ఉంటుంది. క్యాక్టస్ విరిగిపోతేగానీ డోర్సల్ లోపలికి పోలేదు. మూడో రకం ఒంటరిగా పనిచేయదు. అది తోడు ప్రోటీన్లను పిలుచుకొస్తుంది, అవి ఆ చోట డీఎన్ఏను బిగుతుగా చుట్టేస్తాయి. చుట్టిన చోట కాపీ యంత్రానికి సందు దొరకదు.

ఎక్‌డైసన్‌ను అందుకునే ప్రోటీన్ సంగతి కూడా చూడండి. హార్మోన్ రానప్పుడు అది ఊరికే ఉండదు. పండ్ల ఈగలో చూసినదాని ప్రకారం, అది జీన్ దగ్గర కూర్చుని, అడ్డుపడే తోడు ప్రోటీన్‌ను పక్కన పెట్టుకుని, జీన్‌ను మూసి ఉంచుతుంది. ఎక్‌డైసన్ వచ్చి తగులుకోగానే ఆ తోడు తప్పుకుంటుంది, పిలిచే ప్రోటీన్లు వస్తాయి. అంటే అదే కాపలావాడు హార్మోన్ లేకపోతే తలుపు మూస్తాడు, ఉంటే తెరుస్తాడు.

స్టార్టర్ పెట్టెలో ఎర్ర బటన్

మన బోరు మోటారు స్టార్టర్ పెట్టెను గుర్తు తెచ్చుకోండి. పచ్చ బటన్ నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. ఎర్ర బటన్ ఇరుక్కుపోతే కరెంటు ఉన్నా, పచ్చ బటన్ ఎన్నిసార్లు నొక్కినా మోటారు ఆడదు.

పట్టుపురుగులో ఆ ఎర్ర బటన్ పేరు కేఆర్-హెచ్1. పూర్తి పేరు క్రుప్పెల్ హోమోలాగ్ 1. ఇది డీఎన్ఏను పట్టుకునే ప్రోటీన్.

బాల్య హార్మోన్ కణంలోకి వచ్చినప్పుడు మెట్ అనే ప్రోటీన్‌కు తగులుకుంటుంది. ఈ మెట్ ఒకటి ఉందని 1986లో అమెరికాలో పండ్ల ఈగల్లో కనిపెట్టినారు. బాల్య హార్మోన్‌ను పోలిన మెథోప్రీన్ అనే మందు వేసినా చావని ఈగలు కొన్ని దొరికినాయి, వాటిలో చెడిపోయిన జీన్ పేరే మెట్. హార్మోన్ తగులుకున్న మెట్ ఇంకో ప్రోటీన్‌తో జత కట్టి పోయి కేఆర్-హెచ్1 జీన్‌కు "కాపీ తీయి" అని చెప్తుంది. అట్లా కేఆర్-హెచ్1 ప్రోటీన్ తయారవుతుంది. అంటే బాల్య హార్మోన్ ఉన్నంతసేపు ఎర్ర బటన్ మీద వేలు ఉన్నట్టే.

ఇక కేఆర్-హెచ్1 చేసే పని. ప్యూపాగా మారడానికి ముఖ్యమైన జీన్ ఒకటి ఉంది, పేరు బ్రాడ్-కాంప్లెక్స్. ప్యూపా నుంచి సీతాకోకగా మారడానికి ముఖ్యమైన జీన్ ఇంకోటి ఉంది, పేరు ఈ93. ఈ రెండింటినీ లేపేది ఎక్‌డైసన్. జపాన్‌లోని సుకుబాలో కయుకావా, షినోదా, వాళ్ల తోటివాళ్లు పట్టుపురుగు కణాల్లో దీన్ని వెతికి చూసినారు. కేఆర్-హెచ్1 నేరుగా బ్రాడ్ జీన్ దగ్గర డీఎన్ఏ మీద కూర్చుని కాపీ కాకుండా ఆపుతుందని 2016లో చూపించినారు. ఈ93 జీన్‌ను కూడా అట్లే ఆపుతుందని 2017లో చూపించినారు. ఎక్‌డైసన్ ఉన్నా సరే, కేఆర్-హెచ్1 ఆ చోట కూర్చుని ఉంటే కాపీ బాగా తగ్గిపోతుంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది. ఎక్‌డైసన్ తయారు కావాలంటే గ్రంథిలో కొన్ని ఎంజైమ్‌లు కావాలి. ఆ ఎంజైమ్‌ల జీన్లను కూడా కేఆర్-హెచ్1 అణిచిపెడుతుందని 2018లో పండ్ల ఈగలో తేలింది. అంటే పచ్చ బటన్ పనిచేయనీకుండా ఆపడమే కాదు, వచ్చే కరెంటును కూడా తగ్గిస్తుంది.

ఐదో దశ మధ్యలో బాల్య హార్మోన్ పోతుంది. ఎర్ర బటన్ మీది వేలు లేస్తుంది. కేఆర్-హెచ్1 కొత్తగా తయారు కాదు, ఉన్నది కరిగిపోతుంది. అప్పుడు ఎక్‌డైసన్ మాట చెల్లుతుంది. మనం ఏడో రోజు సాయంత్రం టార్చి వేసుకుని పండు పురుగును చూసి సంతోషపడతామే, దానికి రెండు మూడు రోజుల ముందే లోపల ఈ వేలు లేచి ఉంటుంది. అంటే పురుగు గూడు కట్టేది ఏదో కొత్తగా మొదలవడం వల్ల మాత్రమే కాదు, ఆపేది సమయానికి తప్పుకోవడం వల్ల.

దొంగ వేలు

ఇప్పుడు మా మామ సీసాకు వద్దాం. పైరిప్రాక్సిఫెన్, ఫెనాక్సీకార్బ్, మెథోప్రీన్. ఈ మూడూ బాల్య హార్మోన్ మాదిరి నటించే మందులు. రూపంలో పైరిప్రాక్సిఫెన్‌కు అసలు హార్మోన్‌కు పెద్ద పోలిక లేదు, కానీ మెట్ ప్రోటీన్‌కు అసలుదాని మాదిరే తగులుకుంటుంది. పైగా అసలు హార్మోన్‌ను పురుగు ఒంట్లోని ఎంజైమ్‌లు కరిగించేస్తాయి, ఈ మందును అంత సులువుగా కరిగించలేవు. ఎర్ర బటన్ మీద వేలు పెట్టడం కాదు, పుల్ల పెట్టి దారంతో కట్టేసినట్టు.

తెల్లదోమకు ఈ మందు మంచిదే. పిల్ల దోమ పెద్దది కాలేక, గుడ్డు పిగలక ఆగిపోతుంది. పత్తి, వంకాయ, బెండ, మిరప రైతులు వాడేది అందుకే. మనుషులకు, పశువులకు పాత మందులంత విషం కాదని కూడా పేరుంది. వాళ్ల తప్పేమీ లేదు. కానీ పట్టుపురుగు కూడా కీటకమే. దాని మెట్ కూడా ఆ మందుకు తలుపు తీస్తుంది.

ఇక్కడే మనం మోసపోయే చోటు ఉంది. ఆకు మీద అనుమానం వస్తే మనం ఏమి చేస్తాము? పది పురుగులకు వేసి పూట చూస్తాము. మామూలు పురుగుమందు ఉంటే గంటల్లోనే వాంతి చేసుకుంటాయి, మెలికలు తిరుగుతాయి, తల ఊపుతాయి. బాల్య హార్మోన్ మందు ఉంటే ఆ పది పురుగులు హాయిగా తింటాయి, మరుసటి రోజు ఇంకా బాగా తింటాయి. అది చంపే మందు కాదు, ఆపే మందు. దాని దెబ్బ గూడు కట్టే రోజు వచ్చినప్పుడే కనిపిస్తుంది. పది పురుగుల పరీక్ష దీనికి పనికిరాదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుంది అంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇటలీలో ఒక ఎదురుదెబ్బ, అమెరికాలో ఒక కాగితం

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. ఉత్తర ఇటలీలో తరతరాలుగా పట్టు పెంచినారు. 1980ల చివర అక్కడి పండ్ల తోటల్లో ఫెనాక్సీకార్బ్ వాడటం మొదలైంది. ఆ తర్వాత చుట్టుపక్కల పట్టుపురుగులు బాగా తిని, లావెక్కి, గూడు కట్టకుండా ఉండిపోయినాయి. అక్కడి పట్టు పరిశోధకులు ఆ మందును పురుగులకు తినిపించి చూసి, గాలికి కొట్టుకొచ్చిన మందే కారణమని 1990 నాటికి రాసినారు. అప్పటికే తగ్గుతున్న అక్కడి పట్టు పెంపకానికి అది పెద్ద దెబ్బ అయ్యింది.

ఇంకో కథ వింటే నవ్వొస్తుంది. 1960ల మధ్యలో కారెల్ స్లామా అనే చెక్ శాస్త్రవేత్త తన దేశం నుంచి ఒక రకం ఎర్రనల్లి పురుగులను అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి తీసుకుపోయినాడు. అక్కడ అవి పెద్దవి కావడం మానేసినాయి. పెద్ద పురుగులు అయ్యే బదులు ఇంకోసారి కుబుసం విడిచి ఇంకా పెద్ద పిల్లపురుగులైనాయి, తర్వాత చచ్చిపోయినాయి. నీళ్లు, తిండి, వెలుతురు అన్నీ వెతికినారు. చివరికి దొంగ దొరికింది డబ్బాలో పరిచిన కాగితంలో. అమెరికా కాగితం తయారయ్యే బాల్సమ్ ఫర్ అనే చెట్టులో, ఆ జాతి పురుగుకు బాల్య హార్మోన్ మాదిరి పనిచేసే పదార్థం ఉంది. అమెరికా దినపత్రికలు వేసినా అదే ఫలితం, యూరప్ పత్రికలు వేస్తే ఏమీ కాలేదు.

ఇది చదివి ఎవరూ తట్టల్లో పరిచే పేపర్లు పారేయాల్సిన పని లేదు. ఆ పదార్థం ఆ నల్లి కుటుంబం మీదే పనిచేస్తుంది, పట్టుపురుగును ముట్టదు. కానీ పురుగును విషంతో చంపకుండా పిల్లగానే ఉంచేసే పదార్థం ఒక చెట్టులో ఉండటం చూడండి. మనిషి మందు కనిపెట్టక ముందే చెట్టుకు ఎర్ర బటన్ సంగతి తెలుసు!

అదే బటన్‌తో లాభం కూడా

న్యాయంగా ఇంకో పక్క కూడా చెప్పాలి. 1971లో జపాన్‌లో అకాయి, ఆయన తోటివాళ్లు ఐదో దశ పురుగులకు బాల్య హార్మోన్ రకం మందును చాలా తక్కువ మోతాదులో వాడి చూసినారు. పురుగు తినే కాలం కొంచెం పొడుగైంది, పట్టుగ్రంథిలో పట్టు ఎక్కువ చేరింది, తర్వాత గూడు కూడా కట్టింది. వేలు కాసేపు ఎక్కువ ఉండి తర్వాత లేచిందన్నమాట. పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతం పైన ఐదో దశలోనే తింటుంది కాబట్టి, ఒక్క రోజు పెరిగినా గూటి బరువు మీద తెలుస్తుంది. మోతాదు కొంచెం మించితే మాత్రం లాభం పోయి గూడే ఉండదు. కాబట్టి ఎవరో చెప్పినారని పొలం మందు తెచ్చి "కొంచెం" కలిపి చూసే పని ఎవరూ చేయొద్దు. సీసా మూతతో కొలిచే పని కాదిది.

రెండో హార్మోన్‌ను మనం వాడుతూనే ఉన్నాము. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ వాళ్ల "సంపూర్ణ" అందులో ఒకటి. మొక్కల నుంచి తీసిన ఎక్‌డైసన్ రకం పదార్థం అది. పురుగులు పండటం మొదలైనాక చల్లితే అన్నీ ఒకేసారి పండుతాయి, కూలి మిగులుతుంది. మాకు కష్టం వచ్చినప్పుడు మేము కూడా అనుకుంటిమి, అది చల్లితే తింటూ ఉండే పురుగులు కూడా పండుతాయేమో అని. ఆలోచిస్తే అది ఎర్ర బటన్ ఇరుక్కున్నప్పుడు పచ్చ బటన్ నొక్కడమే. కేఆర్-హెచ్1 ఉండగా ఎక్‌డైసన్ వస్తే పురుగు గూటికి పోయే బదులు ఇంకో జ్వరానికి కూర్చోవచ్చు. ఆ మందు ఆరోగ్యంగా ఉన్న పంటలో సమయానికి వాడేది, ఇరుక్కున్న పంటకు విరుగుడు అని నమ్ముకునేది కాదు.

ఎట్లా గుర్తుపట్టాలి

గూడు కట్టకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. తొందరపడి పక్క తోటవాడితో జగడానికి పోకుండా ముందు పురుగును చూడండి.

పాలరోగమైతే కణుపుల మధ్య ఉబ్బుతుంది, తోలు పగిలి తెల్లటి నీరు కారుతుంది. ఫ్లాచరీ అయితే ఒళ్లు మెత్తబడుతుంది, రెట్ట పలచబడుతుంది, తిండి తగ్గుతుంది. చలి వల్లనో ఆకు చాలక పోవడం వల్లనో ఆలస్యమైతే షెడ్డు మొత్తం ఆలస్యమవుతుంది, కానీ చివరికి కడతాయి. మామూలు పురుగుమందైతే కొన్ని గంటల్లోనే తెలిసిపోతుంది. నోవల్యూరాన్, లూఫెన్యూరాన్ మాదిరి మందులు కొత్త తోలు తయారు కానీకుండా చేస్తాయి, వాటి దెబ్బ జ్వరం లేచేటప్పుడు కనిపిస్తుంది.

బాల్య హార్మోన్ మందైతే పురుగు ఆరోగ్యంగా, లావుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. రోజులు దాటినా తింటూ ఉంటుంది. ఒళ్లు పండి అద్దం మాదిరి అవదు. కొన్ని అట్టలు పండి, కొన్ని పండకపోతే, పండని అట్టలకు ఏ పక్క ఆకు వేసినారో వెతకండి.

మనం చేయగలిగింది

ఒకటి. తోటలో ఏ పక్క నుంచి ఏ రోజు కోసినారో, ఏ వరస అట్టలకు వేసినారో నోటు పుస్తకంలో రాయండి. రెండు నిమిషాల పని. మేము రాయలేదు. కూలికి వచ్చిన అమ్మాయికి గుర్తుండబట్టి మాకు తెలిసింది.

రెండు. పక్క తోట వైపు అంచు వరసల ఆకును ఐదో దశ పురుగులకు వేయకండి. వాళ్లు మందు కొట్టినారని తెలిస్తే ఆ వరసలను కోసి పారేసి, కొత్త చిగురు వచ్చినాక వాడండి.

మూడు. కడిగితే పోతుందని నమ్మకండి. ఈ మందులు నీళ్లలో కరగవు, నూనె గుణం ఉన్నవి. ఆకు పైన ఉండే మైనం పొరలో ఇమిడిపోతాయి.

నాలుగు. పక్క తోటవాళ్లను కంపెనీ పేరు కాదు, లోపలి మందు పేరు అడగండి. సీసా వెనక చిన్న అక్షరాలను ఫోటో తీసి పంపమనండి. రెండు మందుల మిశ్రమాల్లో రెండో పేరు కూడా చూడండి. పైరిప్రాక్సిఫెన్, ఫెనాక్సీకార్బ్, మెథోప్రీన్ పేర్లు కనిపిస్తే జాగ్రత్త.

ఐదు. స్ప్రేయర్ అరువు ఇవ్వడం, తీసుకోవడం మానండి. మల్బరీకి వేరే స్ప్రేయర్ పెట్టుకోండి. ఆవుల కొట్టంలో ఈగలకు, నీళ్ల తొట్టిలో దోమలకు కొట్టే కొన్ని మందుల్లో కూడా ఇదే రకం ఉంటుంది, ఆ పేర్లు కూడా చూసుకోండి. షెడ్డు పక్కన కొట్టకండి.

ఆరు. అనుమానం వచ్చిన రోజే ఆ అట్టల పురుగులను వేరు చేయండి, వేరే పక్క ఆకు వేయండి. తక్కువగా తగిలినవి రోజు రెండు రోజులు ఆలస్యంగానైనా కట్టవచ్చు. ఆకు కొమ్మలు కొన్ని, పురుగులు కొన్ని శుభ్రమైన కవర్లలో వేరువేరుగా పెట్టి, తేదీ రాసి, మీ దగ్గర ఉండే పట్టు సేవా కేంద్రం సాంకేతిక అధికారికి చూపించండి. మేము అన్నీ పారేసినాక ఈ ఆలోచన వచ్చింది.

చివరి మాట

మా మామతో నేను జగడం పెట్టుకోలేదు. ఆయనకు తెల్లదోమ కష్టం, నాకు పురుగుల కష్టం. ఇద్దరం కూర్చుని ఒక మాట అనుకుంటిమి. నాకు పురుగులు ఐదో దశలో ఉన్నన్ని రోజులు ఆయన మా అంచు వైపు ఆ రకం మందు కొట్టడు. కొట్టాల్సి వస్తే ముందు రోజు ఫోన్ చేస్తాడు. నేను ఆ అంచున నాలుగు వరసలు వదిలేస్తాను, ఆ ఆకు ఆయన మేకలకు పోదు, నా పురుగులకూ పోదు. ఈ పంటలో రెండుసార్లు ఫోన్ చేసినాడు. "అప్పా, రేపు కొడతాండా, ఆకు కోసుకో" అని. ఎనిమిదో రోజుకు పురుగులన్నీ చంద్రికల మీద ఉన్నాయి.

మీ షెడ్డులో పురుగులు ఇట్లా తింటూనే ఉండిపోయి గూడు కట్టని అనుభవం ఉంటే గ్రూపులో రాయండి. ఏ నెల, ఏ పక్క ఆకు, పక్క తోటలో ఏ పంట, ఏ మందు అనే నాలుగు సంగతులు తప్పకుండా రాయండి. కంపెనీల పేర్లు, మనుషుల పేర్లు వద్దు, మందు పేరు చాలు. నలుగురివి కలిపి చూస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో అందరికీ తెలుస్తుంది.